డిటెక్టివు గారి గురువు గారెవరు?

"మీరుండేదెక్కడండీ?" అని ఎవరైనా అడిగితే "చర్లపల్లి" అంటాం. వెంటనే అవతలివాళ్ళు ఒక నవ్వు నవ్వి "జైల్లోనా?" అంటారు. ఇండస్ట్రియల్ ఏరియా ఉంది, 2025 జనవరిలో పెద్ద రైల్వే టెర్మినల్ కూడా వచ్చింది, అయినా మా ఊరి పేరు చెప్తే జనానికి ముందు గుర్తొచ్చేది సెంట్రల్ జైలే. అంచేత డిటెక్టివ్ నవలల గురించి రాసే హక్కు నాకు కాస్త ఎక్కువే ఉందనుకుంటాను. ఏ నవలైనా హంతకుడు మా ఊరి దారి పట్టడంతోనేగా అయిపోయేది!

ఈ శీర్షికకి ఉత్తరాలు రాసే అక్కయ్యలు, చెల్లెళ్ళు తరచుగా అడిగే మాట ఒకటుంది. "కొమ్మూరి అయిపోయింది, మల్లాది అయిపోయింది, యండమూరి అయిపోయింది. ఇంకేం చదవాలో చెప్పేవాళ్ళు లేరు" అని. పూర్వం అద్దె పుస్తకాల షాపతను చెప్పేవాడు. మనం నాలుగు పుస్తకాలు తీసుకెళ్ళేసరికి మన రుచి ఏమిటో అతనికి తెలిసిపోయేది. "అమ్మా, మీకిది నచ్చుతుంది" అని కౌంటరు కింద నుంచి తీసిచ్చేవాడు. ఆ షాపులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. కాలేజీల్లో పెద్ద చదువులు చదివినవాళ్ళకి లెక్చరర్లు చెప్తారు. ఇంటర్‌తో ఆపేసి పెళ్ళి చేసుకుని, కుక్కర్ కూతల మధ్య చదువుకునే మనకెవరు చెప్తారు? పైగా మన చేతిలో డిటెక్టివ్ నవల కనిపిస్తే ఇంట్లోవాళ్ళు "టైంపాస్‌కి చదువుతోంది" అని తేల్చేస్తారు. అందులో దారి వెతుక్కునేంత విషయం ఉందని ఎవరూ అనుకోరు.

నేను కనిపెట్టిన ఉపాయం చెప్తాను. తర్వాత ఏం చదవాలో చదువుతున్న పుస్తకాన్నే అడగండి. ప్రతి రచయితా ఎవరో ఒకరి ఉప్పు తిన్నవాడే. కొంతమంది దాచుకుంటారు, కొంతమంది చెప్పేస్తారు. డిటెక్టివ్ నవలలు రాసేవాళ్ళు మాత్రం ఈ విషయంలో ఏమీ దాచుకోరు, కథ మధ్యలోనే గురువుల పేర్లు చెప్పేస్తుంటారు.

ఉదాహరణకి ఒక చిన్న నవల తీసుకుందాం. ఆర్థర్ కానన్ డాయల్ రాసిన ఎ స్టడీ ఇన్ స్కార్లెట్. షెర్లాక్ హోమ్స్ మొట్టమొదట కనిపించింది ఇందులోనే. లావుపాటి పుస్తకం కాదు, రెండు మూడు మధ్యాహ్నాల్లో అయిపోతుంది. దీని పుట్టుక వింటే ఈ పత్రిక చదివే మనకి ముచ్చటేస్తుంది. ఇంగ్లండులో ఇసబెల్లా బీటన్ అని ఒక ఇల్లాలు ఉండేది. ఆవిడ భర్త శామ్యూల్ బీటన్ పత్రికలు నడిపేవాడు. వాటిల్లో ఒకటి ఆడవాళ్ళ కోసం పెట్టిన మాసపత్రిక, అందులో వంటలూ ఇంటి నిర్వహణా ఆవిడ రాసేది. మన వారపత్రికలకి ముత్తవ్వ లాంటి పత్రిక అన్నమాట. ఆ రాతలన్నీ కలిపి 1861లో వేసిన హౌస్‌హోల్డ్ మేనేజ్‌మెంట్ పుస్తకం ఇంటింటికీ వెళ్ళింది. అందులో ముల్లిగటానీ సూపు కూడా ఉంది. అదేమిటో అనుకునేరు, తమిళం వాళ్ళ మిళగు తణ్ణి, అంటే మన మిరియాల చారే, దొరల నోట్లో పడి అలా అయింది. పాపం ఆవిడ 28 ఏళ్ళకే, 1865లో కన్ను మూసింది. మరుసటేడు ఆయన వ్యాపారం దెబ్బతిని, పత్రికలూ వాటి పేర్లూ వార్డ్ లాక్ అనే కంపెనీ చేతికి వెళ్ళాయి. ఆ కంపెనీ బీటన్ పేరుతోనే ఏటా క్రిస్మస్ సంచిక వేస్తూ వచ్చింది. 1887 సంచికలో వచ్చిన నవలే ఎ స్టడీ ఇన్ స్కార్లెట్.

అంతకుముందు ఆ రాతప్రతిని ఒకరిద్దరు ప్రచురణకర్తలు తిప్పి పంపేశారు. వార్డ్ లాక్‌లో బెటనీ అనే సంపాదకుడు దాన్ని ఇంటికి తీసుకెళ్ళి భార్య చేతికిచ్చి, చూసి చెప్పమన్నాడు. ఆవిడ పేరు జీనీ గ్విన్ బెటనీ, ఆవిడా నవలలు రాసేది. ఆవిడ బాగుందంది, అప్పుడు కంపెనీ తీసుకుంది. సర్వహక్కులకీ కలిపి 25 పౌన్లు చేతిలో పెట్టారు. ఆ నవల మీద డాయల్‌కి ఆ తర్వాత పైసా రాలేదు. ఒక ఇల్లాలు "బాగుంది" అనకపోతే హోమ్స్ ఏమయ్యేవాడో! హోమ్స్ గురించి మాట్లాడే మగవాళ్ళెవరూ ఈవిడ పేరెత్తగా నేను వినలేదు.

ఇక కథ. అఫ్గానిస్తాన్ యుద్ధంలో గాయపడి లండన్ చేరిన డాక్టర్ వాట్సన్ అద్దె కలిసొస్తుందని ఇంకొకతనితో ఇల్లు పంచుకుంటాడు. ఆ ఇంకొకతనే హోమ్స్. చూడగానే "మీరు అఫ్గానిస్తాన్ నుంచి వచ్చారు" అనేస్తాడు. రంగు చూసి, చెయ్యి పట్టుకున్న తీరు చూసి చెప్పాడంతే. మనం కూరగాయల బండి దగ్గర బెండకాయ కొన తుంచి ముదురో లేతో చెప్పమూ! హోమ్స్‌కి భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న సంగతి తెలీదు. మెదడు అటక లాంటిదట, అక్కర్లేని సామానంతా పైకెక్కిస్తే కావలసినప్పుడు కావలసింది దొరకదట. మా ఇంటి అటక చూసినప్పుడల్లా ఆయన మాట నిజమేననిపిస్తుంది.

ఖాళీ ఇంట్లో ఒక శవం దొరుకుతుంది. ఒంటిమీద దెబ్బ లేదు. గోడమీద నెత్తురుతో రాసిన ఒక జర్మను మాట. ఆడవాళ్ళు తొడుక్కునే సాదా పెళ్ళి ఉంగరం ఒకటి. ఇంతకన్నా చెప్తే మీరు నన్ను తిట్టుకుంటారు. సగం పుస్తకం అయ్యాక కథ ఉన్నట్టుండి అమెరికా ఎడారిలోకి వెళ్ళిపోతుంది. ప్రెస్సువాళ్ళు వేరే పుస్తకం కుట్టేశారేమో అని కంగారు పడకండి, అదీ ఇదే కథ. అక్కడొక పిల్లని ఇష్టం లేని పెళ్ళికి బలవంతం చేస్తారు. ఆ ఉంగరం కథ అక్కడుంది. ఏమాటకామాటే చెప్పాలి, ఆ భాగంలో అక్కడి మతంవాళ్ళందరినీ ఒకే గాటన కట్టేసి దుర్మార్గులుగా చూపించాడు. అది అన్యాయమే. మొదటి సగమే బిగువైనది.

ఇప్పుడు నా ఉపాయం దగ్గరికొద్దాం. రెండో అధ్యాయంలో వాట్సన్ హోమ్స్‌ని మెచ్చుకుంటూ, మీరు ఎడ్గార్ అలన్ పో రాసిన డ్యూపిన్‌లా ఉన్నారంటాడు. హోమ్స్‌కి కోపం వస్తుంది. డ్యూపిన్ నాకంటే తక్కువవాడు అంటాడు. స్నేహితుడి మనసులో మాట కనిపెట్టి చెప్పడం ఆడంబరమని ఎద్దేవా చేస్తాడు. పోనీ గాబోరియో రాసిన లెకాక్ ఎలా ఉన్నాడంటే, ఆ ఫ్రెంచి పోలీసుని ఇంకా దులిపేస్తాడు. తను 24 గంటల్లో చేసే పనికి లెకాక్‌కి ఆరు నెలలు పట్టిందట.

చదువుతూ పోయేవాళ్ళు దీన్ని జోకు కింద తీసేసి పేజీ తిప్పేస్తారు. మీరు మాత్రం ఆగండి. పెన్సిలు తీసుకుని పాలలెక్క పుస్తకం వెనకపేజీలో రాసుకోండి: పో, గాబోరియో. ఒకే పేజీలో ఇద్దరు రచయితలు దొరికారు, పైసా ఖర్చు లేదు.

పో అమెరికా ఆయన. 1841లో ద మర్డర్స్ ఇన్ ద ర్యూ మోర్గ్ అనే కథ రాశాడు. తాళం వేసిన గదిలో తల్లీకూతుళ్ళ హత్య. డిటెక్టివ్ కథలకి ఆద్యం ఇదేనంటారు. డ్యూపిన్‌తో మొత్తం మూడు కథలే రాశాడు. మొదటిది కాస్త భయానకంగా ఉంటుంది కాబట్టి మన ఆడవాళ్ళు మూడోదానితో మొదలుపెడితే మంచిదని నా సలహా. దాని పేరు ద పర్లాయిన్డ్ లెటర్, 1844 నాటిది. ఒక మంత్రి అంతఃపురంలోంచి ఉత్తరం ఎత్తుకెళ్ళి ఇంట్లో దాచాడు. పోలీసులు దిండ్లలో సూదులు గుచ్చి చూశారు, బల్లల కాళ్ళు విప్పి చూశారు, దొరకలేదు. డ్యూపిన్ వెళ్ళి చూస్తే ఉత్తరం అందరికీ కనపడేలా ఉత్తరాలు పెట్టుకునే అరలోనే ఉంది! ఇది పెద్ద రహస్యమేం కాదు లెండి, అందరూ చెప్పేసుకునేదే. పోపుల డబ్బాలో డబ్బులు దాచుకునే మనకి ఆ మంత్రి తెలివి ఏపాటిది!

ఇక్కడ ఇంకో తమాషా. 1891లో డాయల్ ఎ స్కాండల్ ఇన్ బొహీమియా అనే కథ రాశాడు. అక్కడ ఉత్తరానికి బదులు ఫొటో. మంత్రికి బదులు ఐరీన్ ఆడ్లర్ అనే గాయని. హోమ్స్ వెతికే పని పెట్టుకోకుండా, ఇంట్లో నిప్పంటుకుందని కేకలు వేయిస్తాడు. ఆడది నిప్పంటే తనకి ప్రాణమైన దాని దగ్గరికి పరిగెడుతుందని ఆయన లెక్క. పెళ్ళయినావిడ బిడ్డ దగ్గరికి, పెళ్ళికానిది నగల పెట్టె దగ్గరికి అట. నాకు నవ్వొచ్చింది. పెళ్ళయి వంటిల్లు చూసుకునే ఏ ఆడదైనా ముందు గ్యాస్ సిలిండర్ కట్టేస్తుంది! అయితే చివరికి ఐరీన్ ఆయన్ని మించిపోతుంది, అది చదవాల్సిందే. పో కథ చదివి ఆ వెంటనే ఇది చదివితే, ఒకే పప్పుతో ఇద్దరు వంటవాళ్ళు రెండు రకాలు ఎలా చేశారో తెలుస్తుంది. వేర్వేరుగా చదివితే ఆ రుచి రాదు.

మరి గురువుని పట్టుకుని తక్కువవాడని తిట్టించడమేమిటి అని మీకూ అనిపించిందా? 1912లో అమెరికాలో ఆర్థర్ గిటర్‌మన్ అనే కవికి సరిగ్గా అదే అనిపించింది. పో దగ్గర ఇంత తీసుకుని, మళ్ళీ ఆయన డ్యూపిన్‌నే వెక్కిరిస్తావా అని పద్యం రాసి పత్రికలో వేశాడు. డాయల్ కూడా పద్యంలోనే జవాబిచ్చాడు. పో కి నేను రుణపడి ఉన్నానని వంద సార్లు చెప్పాను, గర్వం నేను సృష్టించిన పాత్రది కానీ నాది కాదు, బొమ్మనీ బొమ్మని చేసినవాణ్ణీ ఒకటనుకోకండి అని దాని సారాంశం. ఆ మాట సబబుగానే ఉంది. నాటకంలో దుర్యోధనుడి వేషం వేసినాయన మీద ఇంటికొచ్చాక కోపగించుకుంటామా? పైగా 1893 నాటి ద కార్డ్‌బోర్డ్ బాక్స్ కథలో హోమ్స్ తనే వాట్సన్ మనసులో మాట కనిపెట్టి చెప్తాడు, పో పేరు తలుచుకుని మరీ. తను తిట్టిన పనినే తను చేసి చూపించాడు!

గాబోరియో దగ్గర నేను ఎక్కువ సేపు ఆగలేదు. 1866లో వచ్చిన లెరూజ్ నవలే ఫ్రెంచిలో మొదటి డిటెక్టివ్ నవలంటారు. హత్య కంటే పెద్దింటి కుటుంబాల పాత గొడవలే ఎక్కువ. టీవీ సీరియళ్ళు ఇష్టపడేవాళ్ళకి పట్టొచ్చు. ఒక్కటి మాత్రం గమనించాను. కథ మధ్యలో ఆపి పాత కాలంలోకి వెళ్ళి చాలా పేజీలు నడిపించే అలవాటు ఈయనది. ఎ స్టడీ ఇన్ స్కార్లెట్‌లో ఆ అమెరికా ఎడారి ఎందుకొచ్చిందో అప్పుడర్థమైంది.

మన తెలుగులోకొద్దాం. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు మా తరానికి ఇంట్లో మనుషుల్లాంటివాళ్ళు. ఆ జంట వెనక హోమ్స్, వాట్సన్‌ల జంట లేదంటే నేను నమ్మను. కానీ రాజు వాట్సన్‌లా తీరిగ్గా కూర్చుని కథ రాసిపెట్టే మనిషి కాదు, పరుగులు పెట్టే కుర్రాడు. ఆ పరుగు ఎక్కడిది? కొమ్మూరి గారిని అభిమానులు ఆంధ్రా ఎడ్గార్ వాలెస్ అనేవారు. మనం ఆ బిరుదు విని ఊరుకున్నాం కానీ, ఆ వాలెస్ ఎవరని ఎంతమంది అడిగాం? అదీ దారి చూపించే గుర్తే కదా. వాలెస్ ఇంగ్లండు ఆయన, కుప్పలు తెప్పలుగా రాశాడు. 1905లో ద ఫోర్ జస్ట్ మెన్ అనే నవల సొంతంగా వేసుకుని, హత్య ఎలా జరిగిందో చెప్పినవాళ్ళకి 500 పౌన్ల బహుమతులని ప్రకటించాడు. ఎంతమందికని హద్దు పెట్టుకోలేదు! సరైన జవాబులు వచ్చిపడి అప్పుల పాలయ్యాడు. కింగ్ కాంగ్ సినిమాకి మొదటి చిత్తుప్రతి రాసి, 1932లో అమెరికాలోనే పోయాడు. ఆయనదీ కొమ్మూరి గారిదీ పక్కపక్కన పెట్టుకుని చదివితే, అధ్యాయం చివర మనల్ని గుమ్మానికి వేలాడదీసే విద్య ఎక్కణ్ణుంచి వచ్చిందో కనిపిస్తుంది.

మల్లాది వెంకటకృష్ణమూర్తి గారి చంటబ్బాయ్ నవలని 1986లో జంధ్యాల గారు చిరంజీవితో సినిమా తీశారు. అందులో హీరో పాండురంగారావు తనని తాను జేమ్స్ పాండ్ అని చెప్పుకుంటాడు. ఆ పేరు విన్నవాళ్ళెవరూ గురువెవరని అడగక్కర్లేదు.

"డిటెక్టివ్ రాతలు సాహిత్యం కాదు" అనేవాళ్ళకి నేను ఒక్కటే చెప్తాను. త్వమేవాహం రాసిన కవి, సమగ్ర ఆంధ్ర సాహిత్యం అని సంపుటాల కొద్దీ చరిత్ర రాసిన పండితుడు ఆరుద్ర గారు, పలకల వెండిగ్లాసు అని డిటెక్టివ్ నవల రాశారు. ఆయనకి లేని నామోషీ మనకెందుకు?

తెలుగులో మొదట్లో ఈ రకం నవలలు చాలావరకు బెంగాలీ నుంచే వచ్చాయి. అపరాధ పరిశోధక నవలలనేవారు. బెంగాలీ అనగానే 1993లో దూరదర్శన్‌లో వచ్చిన బ్యోమ్‌కేశ్ బక్షీ గుర్తు రావాలి. బాసు చటర్జీ తీశారు, రజిత్ కపూర్ వేశాడు. ఆ కథలు రాసిన శరదిందు బంద్యోపాధ్యాయ 1932లో మొదలుపెట్టారు. హోమ్స్ చెయ్యి ఇందులోనూ ఉంది. కథ చెప్పే స్నేహితుడు అజిత్, ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండటం, అన్నీ ఆ మూసే. కానీ ఈయనకి డిటెక్టివ్ అనే మాట గిట్టదు, సత్యాన్వేషి అనిపించుకుంటాడు. ఇంకా ముఖ్యమైనది, ఒక కేసులో పరిచయమైన సత్యవతిని పెళ్ళి చేసుకుంటాడు. హోమ్స్‌కి ఇల్లూ పిల్లలూ లేరు. బ్యోమ్‌కేశ్‌కి భార్య అలిగితే ఇంట్లో మాటలుండవు. నాకైతే ఈయనే మనవాడనిపిస్తాడు. సత్యజిత్ రే గారి ఫెలుదా ఇంకో మెట్టు దిగాడు. లండన్ వెళ్ళినప్పుడు హోమ్స్ ఉన్నాడని చెప్పే బేకర్ స్ట్రీట్‌కి వెళ్ళి, గురువుకి దణ్ణం పెట్టుకున్నాడు.

ఆఖర్ని అగాథా క్రిస్టీ. ఈవిడ లేకుండా ఈ మాటలు పూర్తి కావు. మొదటి ప్రపంచయుద్ధంలో ఆసుపత్రిలో మందులు కలిపే పని చేసి, విషాల సంగతి అక్కడ నేర్చుకుంది. అక్కయ్య మాజ్ "నీవల్ల కాదులే" అన్నందుకు పంతం పట్టిందట. 1920లో మొదటి నవల అచ్చయింది. ఆవిడ 1963లో రాసిన ది క్లాక్స్ నవల దొరికితే వదలకండి. కథ అంత గొప్పదేం కాదు, నా మట్టుకు నాకు సగంలో సాగదీసినట్టనిపించింది. కానీ అందులో పెద్దవాడైన పోయిరో పని లేక డిటెక్టివ్ పుస్తకాలు ముందేసుకుని, ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని ఇది ఇందుకు బాగుంది, అది అందుకు బాగాలేదు అని చెప్తాడు. ఆ అధ్యాయం మనకి చదవాల్సిన పుస్తకాల జాబితా! ఫ్రెంచి ఆయన గాస్టన్ లెరూ రాసిన ద మిస్టరీ ఆఫ్ ద యెల్లో రూం ఉంది. దొంగ ఆర్సీన్ లూపిన్ ఉన్నాడు. హోమ్స్ కథల దగ్గర మాత్రం పోయిరో గురువు గారూ అని మొక్కుతాడు, అదీ హోమ్స్‌కి కాదు, డాయల్‌కి.

ఆ జాబితాలో ఒక పేరు నన్ను ఆపేసింది. ద లెవెన్‌వర్త్ కేస్. రాసింది ఒక ఆడమనిషి, అన్నా కాథరిన్ గ్రీన్. అమెరికాలో ఒక లాయరు గారి అమ్మాయి. కవిత్వం రాద్దామనుకుని నవలలోకి వచ్చింది. ఈ నవల వచ్చింది 1878లో. అంటే హోమ్స్ పుట్టడానికి తొమ్మిదేళ్ళ ముందు! పో, గాబోరియో, డాయల్ అని మగవాళ్ళ పేర్లే పట్టుకుని ఇంత దూరం వస్తే, మధ్యలో ఈవిడ ఎక్కడ కూర్చుంది? హోమ్స్ ఈవిడ పేరెత్తలేదు, పోయిరో ఎత్తాడు. అంటే ఒక ఆడమనిషి రాసిన డిటెక్టివు చెప్తేనే నాకు తెలిసింది.

ఈ పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు, తెలుసు. హోమ్స్ కథలకి తెలుగు అనువాదాలున్నాయి. పో, గాబోరియో, గ్రీన్ పాతవాళ్ళు కాబట్టి ఇంగ్లీషులో పిల్లల చేత సెల్‌ఫోన్‌లో వెతికిస్తే ఉచితంగానే దొరుకుతారు. కాగితం పుస్తకమే కావాలనుకుంటే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉంది, ఆదివారాలు ఆబిడ్స్ పేవ్‌మెంటు ఉంది. ఇంగ్లీషు రాదని జంకకండి. తెలియని మాటకల్లా డిక్షనరీ తీస్తే కథ నడవదు. హంతకుడి దగ్గరికి చేర్చే మాటలు ఎలాగూ మళ్ళీ మళ్ళీ వస్తాయి, మూడోసారికి అవే అర్థమవుతాయి.

ప్రస్తుతం నేను గ్రీన్ గారి దట్ ఎఫైర్ నెక్స్ట్ డోర్ దగ్గరున్నాను, 1897 నాటిది. అందులో పరిశోధన చేసేది అమీలియా బటర్‌వర్త్ అనే పెళ్ళికాని పెద్దావిడ. అర్ధరాత్రి కిటికీలోంచి చూస్తే, తాళం వేసి ఉండాల్సిన పక్కింట్లోకి ఒక ఆడా మగా వెళ్ళారు. తెల్లారాక ఆ ఇంట్లో ఒక స్త్రీ శవం. క్రిస్టీ గారి మిస్ మార్పుల్‌కి పెద్దమ్మ వరస అవుతుంది ఈవిడ. వాక్యాలు పొడుగ్గా ఉన్నాయి, రోజుకి ఐదారు పేజీలకి మించి కదలడం లేదు. ముసలి పోలీసు గ్రైస్ గారు ఆవిణ్ణి పక్కింటి సంగతులు మోసే మనిషి కింద కట్టేశాడు. ఆవిడేమో శవం ఒంటిమీది బట్టలు చూసి, ఆయనకి కనపడనిదేదో కనిపెట్టింది. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడటం లేదు. నా పందెం మాత్రం ఆవిడ మీదే.